తలుపుల్లేని ఇంటి ముంగిలి

మొన్న శనివారం మా అమ్మాయి ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి, ఎప్పుడూ తెచ్చే బెండకాయలూ వంకాయలతో పాటు ఒక సీమపనసకాయ కూడా పట్టుకొచ్చి, ఇదేదో కొత్తగా ఉంది, నీకేమైనా తెలుస్తుందేమో చూడమని వంటింటి గట్టు మీద పెట్టింది. తెలియకపోవడమేమిటి? ఒకప్పుడు రెండేళ్ళ పాటు అదే మా అన్నం, అదే మా కూర. సోమవారం పొద్దున్న అల్లుడు ఆఫీసుకీ, మనవరాలు స్కూలుకీ వెళ్ళిపోయారు, రోజూలాగే అమ్మాయి కూడా గుమ్మంలోంచి "అమ్మా, డోర్ లాక్ చేసుకో, ఎవరు బెల్ కొట్టినా ఓపెన్ చేయకు" అని చెప్పి ఆఫీసుకి వెళ్ళాక, ఆ కాయని స్టవ్ మంట మీద పెట్టి తిప్పుతూ కాల్చాను. తొక్క నల్లబడి లోపలినుంచి ఆ కమ్మటి వాసన వచ్చేసరికి న్యూజెర్సీలోని ఈ ప్లెయిన్స్‌బరో వంటింట్లో కుర్చీ లాక్కుని కూచున్నాను.

డెబ్బయ్యో దశకం చివర మా ఆయన అమెరికాలో చదువు ముగించేసరికి ఉద్యోగాలు కరువు. ఎక్కడెక్కడికో అర్జీలు పెడితే చివరికి లెక్కల మాస్టారు కావాలని పిలిచింది, పసిఫిక్ సముద్రం నడిమధ్యన ఉన్న అమెరికన్ సమోవాలోని ఒక హైస్కూలు. అదీ అమెరికాయే, ఆ జెండాయే, జీతమూ డాలర్లలోనే అని ఆయన ఉత్తరం రాస్తే, మా నాన్నగారు ఊళ్ళో అందరికీ మా అమ్మాయి అమెరికా వెళుతోందని గొప్పగా చెప్పుకున్నారు. పెళ్ళైన ఏడాదికి నేను ఎన్నో విమానాలు మారి, ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని దిగేసరికి, ఎదురుగా మేఘంలో సగం మునిగిన కొండ, కొండ కింద సముద్రం, ఆ రెంటి మధ్యా ఇరుక్కుని ఒకే ఒక రోడ్డు. అమెరికా ఎక్కడండీ అని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

మాకు దొరికిన ఇల్లు ఒక పెద్దావిడ పెరట్లోని చిన్న చెక్క ఇల్లు. ఊళ్ళో అందరూ ఆవిడని తీనా అనేవారు, వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం, నేనూ అలాగే పిలిచాను. ఆవిడ ఉండే పెద్దిల్లు ముందువైపు ఉండేది. దానికి గోడలూ లేవు, తలుపులూ లేవు. గుండ్రంగా స్తంభాలు, పైన కప్పు, జల్లు కొడితే దించుకోవడానికి కొబ్బరాకు తడికలు, అంతే. కొడుకులూ కోడళ్ళూ మనవలూ అందరూ ఆ ఒక్క కప్పు కిందే చాపల మీద. ఎవరు తింటున్నా, ఎవరు అలిగినా రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడుతూనే ఉండేది. పోనీ పోయేవాళ్ళు ఊరికే పోతారా అంటే, తినేవాళ్ళు వాళ్ళని కేకేసి రా తిందువుగాని అని పిలవకుండా ముద్ద నోట్లో పెట్టుకోరు. మొదట్లో ఆ పిలుపు విని నేను నిజంగానే వెళ్ళి కూచునేదాన్ని, వాళ్ళు చేప పెడితే తినలేక లేచొచ్చేదాన్ని. అది పలకరింపేనని, కడుపు నిండిందని చెప్పి సాగిపోవచ్చని చాలా రోజులకి గానీ తెలియలేదు.

నా అసలు చిక్కు మాత్రం వేరే. తీనా ఇంటి ముంగిట్లో, మనం తులసికోట కట్టుకునే చోట, సమాధులు ఉండేవి. వాళ్ళ అమ్మదీ నాన్నదీ అత్తదీ, తెల్లసున్నం వేసిన అరుగుల్లాగా, పక్కన దేవగన్నేరు చెట్టు. ఆ దీవిలో ఇంటివాళ్ళని ఇంటి ముందే ఉంచుకుంటారు. మా చెక్క ఇంటినుంచి రోడ్డు మీదకి వెళ్ళాలంటే వాటి మధ్యనుంచే దారి. మా పుట్టింట్లో శ్మశానం ఉన్న వీధిలోంచి వచ్చినా తలమీద నీళ్ళు పోసుకోనిదే గడప తొక్కనిచ్చేవారు కాదు మా నాన్నమ్మ. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని కదా, ఉప్పుకి వెళ్ళొస్తే ఒక స్నానం, పోస్టాఫీసుకి వెళ్ళొస్తే ఒక స్నానం, చీర తడిపి ఆరేయడం. ఆయన ముందు నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత నా జోలికి రావడం మానేశారు.

కప్పు మీద పడిన వాననీళ్ళు పట్టుకునే సిమెంటు ట్యాంకు ఒకటే అందరికీ. వానలు వెనకాడిన ఒక నెలలో అది అడుగంటింది. తీనా నన్ను పిలిచి తన వచ్చీరాని ఇంగ్లీషులో "నువ్వు స్నానం, స్నానం, స్నానం. ట్యాంకు ఖాళీ. జబ్బా?" అని అడిగింది. ఆవిడ మొహంలో కోపం లేదు, నాకేదో చర్మరోగం వచ్చిందన్న దిగులే ఉంది. సిగ్గుతో చచ్చిపోతూ, సమాధుల పక్కనుంచి వస్తే మా దేశంలో స్నానం చేయాలని చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక స్తంభం పట్టుకుని నవ్వింది. రోజూ పొద్దున్నే వాళ్ళమ్మ సమాధి మీద కూచుని కోకో తాగుతుందట, మరి తనెన్ని ట్యాంకుల నీళ్ళు పోసుకోవాలని అడిగింది. ఆ సాయంత్రమే కొబ్బరినూనె గిన్నెతో వచ్చి, తడిసి తడిసి పీచైపోయిన నా జుట్టుకి మాడు దాకా నూనె పట్టించింది. పెళ్ళయ్యాక ఇంకొకరు నా తల ముట్టుకోవడం అదే మొదలు. ఎందుకో ఏడుపొచ్చింది. తీనా అలా నూనె రాస్తూనే ఉంది.

స్నానాలు తగ్గించాను గానీ దిగులు తగ్గలేదు. నా ఈడువారికి చెప్పక్కర్లేదు, అప్పట్లో ఉత్తరం వెళ్ళి జవాబు రావాలంటే ఒక ఋతువు మారిపోయేది, ఫోను మనలాంటివాళ్ళకి అందేది కాదు. దీవి మొత్తానికి తెలుగు ముక్క మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే, ఆయన స్కూలునుంచి వచ్చేదాకా. సాయంత్రమైతే మరీనూ. చీకటి పడేముందు చెట్టుకి వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండరుని ఇనపకడ్డీతో మోగించేవారు. అది మోగిందంటే ఊళ్ళో ఎక్కడివాళ్ళక్కడ ఇళ్ళకి చేరి ప్రార్థనకి కూచోవాల్సిందే, రోడ్డు మీద పురుగు కదలకూడదు. చుట్టూ ఉన్న ఇళ్ళన్నిటిలోంచీ పాట ఒక్కసారిగా లేచేది. నేను మా మెట్ల మీద ఒక్కదాన్నీ కూచుని, అంతమంది కలిసి పాడుతున్న పాట అర్థంకాక, మా ఇంట్లో ఈ వేళకి ఏం చేస్తుంటారా అని లెక్కవేసి, అక్కడింకా నిన్నటి రోజో రేపటి రోజో కూడా సరిగ్గా తేలక, చీకట్లో కూచుండిపోయేదాన్ని.

రెండో ఏడు నాకు నెల తప్పింది. ఇక నాకూ మాట్లాడుకోవడానికి మనిషి వస్తోందని ఎంత సంబరపడ్డానో. తీనా నాకు బరువెత్తనివ్వలేదు, బస్సెక్కితే ఎవరో ఒకరు నన్ను ఒళ్ళో కూచోబెట్టుకునేవారు. చోటు లేనప్పుడు ఒకరి ఒళ్ళో ఒకరు కూచోవడం అక్కడ మామూలే, నేను మాత్రం ముడుచుకుపోయేదాన్ని. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఒక్క పూట ఊపిరి తీసుకుంది, అంతే. నాకు చూపించారు. మా అమ్మ నుదురు. ఇంకేమీ రాయలేను.

పసిగుడ్డుని మనం మట్టిలోనే కదా పెడతాం, కానీ ఏ మట్టిలో? ఆ దీవిలో ప్రతి అడుగు నేలా ఏదో ఒక కుటుంబానిది, ఎవరి మనిషిని వాళ్ళ ముంగిట్లో పెట్టుకుంటారు. మాకు ముంగిలి ఏదీ? ఆసుపత్రి వరండాలో ఆయన ఎవరిని అడగాలో తెలియక నిలబడి ఉంటే తీనా వచ్చిందట. వాళ్ళమ్మ మొగలి ఆకు చీల్చి ఏళ్ళ తరబడి అల్లిన సన్నచాప ఒకటి తెచ్చిందట. పట్టులా మెత్తగా ఉండే అలాంటి చాపని పెళ్ళికో చావుకో తప్ప పెట్టెలోంచి తీయరు. దాన్లో పాపని చుట్టి, "ఇంటికి తీసుకుపోదాం" అందట, అడగడానికేమీ లేనట్టు. వాళ్ళమ్మ సమాధికి తలవైపు, దేవగన్నేరు చెట్టు కింద పెట్టారు. మంత్రాలు రాని మా ఆయన గోవిందా అనుకుని గుప్పెడు మట్టి వేశారట. నేనప్పటికింకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను.

ఇంటికొచ్చిన రోజున ఆ దారిలో నడిచి, మళ్ళీ స్నానం చేయలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు.

పొద్దస్తమానం మెట్ల మీద కూచుని ఆ చిన్న అరుగుకేసే చూసేదాన్ని. తీనా కొడుకులు దానికీ సున్నం వేశారు. ఒకరోజు మధ్యాహ్నం చూద్దును కదా, తీనా మనవలు దాని మీదెక్కి కూచుని మామిడికాయ తింటున్నారు, పక్కనే తడి తువ్వాలు ఆరేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినదానికీ కానిదానికీ తలవంచుకుని తిరిగే నేను ఆ రోజు గొంతు చించుకుని తెలుగులోనే తిట్టాను. పిల్లలు బిత్తరపోయి దిగారు. తీనా వచ్చి నా పక్కన మెట్టు మీద కూచుని, నా రొప్పు తగ్గేదాకా ఆగి, మెల్లిగా చెప్పింది. "లోపల ఉన్నది చిన్నపిల్ల. పిల్లలు దగ్గరికి రాకపోతే, ఎవరితో ఉంటుంది? నువ్వు అరిస్తే వాళ్ళు రారు. అప్పుడు అది ఒక్కతే."

మర్నాడు పిల్లలు దూరంగా నిలబడి నావంక చూస్తుంటే, నేనే అరటిపళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేశాను. కాసేపటికి వాళ్ళ నవ్వులు వినబడ్డాయి.

కాంట్రాక్టు అయిపోయి అసలు అమెరికాలో, అంటే మెయిన్‌లాండ్‌లో, ఆయనకి ఉద్యోగం దొరికినప్పుడు నేను రానన్నాను. రానంటే కుదురుతుందా? దాన్ని వదిలి ఎలా వస్తానని అడిగితే ఆయనా ఏడ్చారు. తీనా మా మెడల నిండా గవ్వల దండలు వేసి, "నువ్వు వెళ్ళు. అది ఈ ఇంటి పిల్ల" అంది. విమానం పైకి లేచాక కిటికీలోంచి కొండనీ సముద్రాన్నీ చూశాను, దేవగన్నేరు చెట్టు ఎక్కడుందో తెలియలేదు.

తర్వాత న్యూజెర్సీ, మంచు, మా అమ్మాయి పుట్టడం, ఇల్లు కొనడం. ఆ పాప సంగతి మేమిద్దరం తప్ప ఇంకెవరూ ఎరగరు, మేమిద్దరం కూడా మాట్లాడుకోలేదు. ఆ దిక్కున తుఫాను అని టీవీలో చెప్పినప్పుడల్లా ఆయన లేచి చానల్ మార్చేవారు. తీనాకి రాయడం రాదు, నేను రాసినా ఏమని అడగను? ఆ ఇల్లుందో లేదో, ఆ అరుగు మీద గడ్డి మొలిచి ఎవరూ దగ్గరికి రాకుండా పోయిందేమో, అది ఒక్కతే అయిపోయిందేమోనన్న బాధ ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. ఇప్పుడు ఆయనా లేరు.

సోమవారం సాయంత్రం స్కూలునుంచి వచ్చిన మనవరాలు, నేను కాల్చిన సీమపనస ముక్క కొరికి, బ్రెడ్‌లా ఉంది, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. దీవి పేరు చెప్పాను. వెంటనే ఐప్యాడ్ తెచ్చి "అమ్మమ్మా, ఏ స్ట్రీట్?" అంది. స్ట్రీట్ ఏమిటే, ఒకటే రోడ్డు అన్నాను. సముద్రంలో రెండు బండరాళ్ళూ, చర్చీ గుర్తులు చెబితే, మ్యాప్‌లో ఆ ఊరి ఫోటోలు తెరిచి, వేలితో జరుపుతూ రోడ్డు మీద నడిచినట్టే తీసుకెళ్ళింది. ఊరే మారిపోయింది. గోడల్లేని ఇళ్ళు కనబడనే లేదు. అన్నీ సిమెంటు ఇళ్ళు, గాజు కిటికీలు, ఏసీ పెట్టెలు, మూసిన తలుపులు. తినేవాళ్ళు రోడ్డు మీదివాళ్ళని ఇప్పుడెలా పిలుస్తారో మరి. చర్చి దాటాక మలుపు దగ్గర ఆగమన్నాను. పెద్ద స్తంభాల ఇల్లు లేదు, దాని చోట కూడా ఇలాంటిదే ఒక మూసిన ఇల్లుంది. ముందు మాత్రం దేవగన్నేరు చెట్టుంది. కింద నిగనిగలాడే పలకలు వేసిన కొత్త సమాధి ఒకటి ఉంది, అది తీనాదే అయ్యుంటుంది. దాని అవతల పాతవి, వాటికి తలవైపు చిన్నది ఒకటి, తెల్లగా.

దాని మీద ఎవరో పిల్ల కాళ్ళు వేలాడేసి కూచుని ఏదో తింటోంది. పక్కన తువ్వాలు ఆరేసి ఉంది.

"ఎవరది, అమ్మమ్మా? నీకు తెలుసా?" అని అడిగింది మనవరాలు, దగ్గరికి లాగుతూ. "ఫేస్ బ్లర్ చేస్తారు, కనపడదు."

కనబడక్కర్లేదన్నాను. నా మొహం చూసి అది కంగారుపడి, మమ్మీకి కాల్ చేయనా అని అడిగింది. వద్దు, హోమ్‌వర్క్ చేసుకో, ఇది కాసేపు నా దగ్గర ఉంచు అన్నాను. అది పైకి వెళ్ళి గది తలుపేసుకుంది. లాక్ చేసిన ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ నా పసిదాన్ని ఒంటరిగా వదిలేసి వచ్చానని కుమిలాను గానీ, దాని చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే వచ్చారు. కుర్చీ దగ్గరికి లాక్కుని, మిగిలిన సీమపనస ముక్క ప్లేటులో పెట్టుకుని, ఆ బొమ్మ ఆరిపోయినప్పుడల్లా వేలితో తాకి మళ్ళీ వెలిగించుకుంటూ, అమ్మాయి ఆఫీసునుంచి వచ్చేదాకా దాని పక్కనే కూచున్నాను.