విభూతి చల్లిన లిఫ్టు

ఇంగ సాలించండప్పా ఆ ‘మహానుభావుడు’ అనే మాట. మా మేనత్త మొగుడు, మా మామ, పోయిన నెల పోయినాడు. బతికినన్నాళ్లూ ఆయనొస్తా ఉంటే సందు మారిన మనుషులే, శవం కాడ నిలబడి దేవుడన్నారు. మామ వినుంటే పాడె మీంచి లేసి తిట్టుంటాడు. ఆయన మాటే ఒకటుండాది: “ఎత్తిన గొర్రునీ, పొగిడే నోటినీ నమ్మి కింద తల పెట్టద్దు.”

ట్రాక్టరు కత నాకు నేర్పింది ఆయనే. నేర్పినాడంటే తిట్టినాడని అర్థం. ఒకసారి నా పాత బండికి ఎనక, గొర్రును ఎత్తి దించే లిఫ్టు కాడ ఆయిలు కారతా ఉంటే పోయినాను.

“మామా, పంపు పోయినట్టుండాది.”

“నాడి పట్టి సూసినావా? ముందు దాని మొగం కడుగు.”

స్పానరు ఇస్తాడనుకుంటే గుడ్డ ఇచ్చినాడు. ఏండ్లనాటి మడ్డంతా తుడిపించినాడు. కారే సోట బట్టల సబ్బు పూసేటోళ్లంటే ఆయనకు అసయ్యం. “లీకుకు స్నానం చేపిస్తారు నా కొడుకులు” అనేటోడు. తుడిచినాక ఆడంతా విభూతి చల్లి, గొర్రు ఎత్తి దించమన్నాడు. యాడ ముందు తడిస్తే ఆడే రోగం. మామ నొసట పెట్టేది నామం. విభూతి మాత్రం బండికే.

“ఆయిలు కనపడేది కింద, పుట్టేది పైన. కిందే సూసేటోడు జన్మంతా పంపులే మారుస్తాడు.”

రోగం దొరికినాక మెచ్చుకుంటాడేమోనని నిలబడితే, “సరే, సంగటి తిని పో” అన్నాడు. అంతకంటే పెద్ద బిరుదు నాకు యాడా రాలేదు.

ఇప్పుడు ఆ మామ బండే కారతా ఉండాది. ఆయన పెద్దల్లుడు తిరుపతిలో లాడ్జి సూసుకుంటాడు. దినాలకొచ్చి, సొక్కా మాసిపోతాదని దూరంగానే నిలబడి, “లిఫ్టంతా పోయిందత్తా. బండిని పాత ఇనుముకేసి, చేను గుత్తకిచ్చేయ్” అని తీర్పు చెప్పినాడు. లాడ్జిలో కుళాయి కారితే బకెట్టు పెట్టే మనిషి! వాన పడి చేను మంచి పదునులో ఉండాది. అత్తకేమో సేద్యం ఇడిసే మనసు లేదు.

నిన్న నేనే తుడిచి, విభూతి చల్లి సూసినాను. పంపు రాయిలాగుండాది. పైన లిఫ్టు షాఫ్టు చివర రబ్బరు సీలు ఎండి పగిలిపోయింది, అంతే. గాజంత రబ్బరు కోసం బండికే పాడె కట్టబోయినాడు మహారాజు. ఈ పొద్దు కొత్తది వేసినాను. సాయంత్రం దాకా చుక్క కారకపోతే అమ్మేది మానుకుంటానని అల్లుడు దయతో ఒప్పుకున్నాడు.

అత్త టైరు పక్కన పీటేసుకుని, సీలు కాడ చల్లిన విభూతినే సూస్తా ఉండాది. ఈగ వాలినా కొంగుతో తోలతాది. నేను అరుగు మీద కూసోని ఇది రాస్తా ఉండాను.

“అబ్బోడా! అల్లుడు రమ్మన్న ఇనుమోళ్లు వచ్చినారు. బిన్నా, తొందరగా వచ్చి గొర్రు ఎత్తు, వాళ్లే సూసి పోనీ. ఇంగా పొడిగానే ఉండాది!”

“వస్తా ఉండానత్తా!”

పోవాలప్పా. మామ గురించి అసలు చెప్పాల్సిన మాట ఇంగా చెప్పనే లేదు, ఆయన ఎవురినన్నా తిట్టినాడంటే—