సగం డ్రమ్ము, మూడిళ్లు

నిన్న సాయంత్రం మార్కాపురంలో మా ఇంటి వసారాలో కూర్చుని మనవరాలి లెక్కల నోటు తిరగేస్తుంటే, అరను మూడుతో భాగించి ఒకటి బై ఆరు అని చక్కగా రాసి ఉంది. ఎట్లా వచ్చిందే అని అడిగితే, మూడును తలకిందులు చేసి గుణించానని చెప్పి ఆటకు పోయింది. తప్పేమీ లేదు. నేనూ ఉద్యోగం మొదట్లో అదే నేర్పాను, నేర్పడం కూడా కాదు, రుద్దాను; మన వయసు టీచర్లు చాలామంది ఒప్పుకోరు గానీ అప్పట్లో మనకు తెలిసింది అంతే.

రాచర్ల వైపు ఒక పల్లెలో నా మొదటి బడి. ఐదో తరగతిలో గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల ఒకతె ఉండేది, మహా చురుకు. ఐదు దాటితే ఆ ఊళ్లో చదువు లేదు కాబట్టి, దాన్ని గురుకులం పరీక్షకు కూర్చోబెట్టి ఎట్లాగైనా సీటు తెప్పించాలని పంతం పట్టాను. అన్నీ వచ్చేవి, భిన్నాల భాగహారం ఒక్కటే లొంగలేదు. నేను మూడును తిప్పమంటే అది సగాన్ని తిప్పి ఆరు అని రాసేది, సగం రొట్టెను ముగ్గురికి పంచితే తలా ఆరు రొట్టెలు వస్తాయా అని నేను కసురుకునేదాన్ని, మిగతా పిల్లలు నవ్వేవాళ్లు.

ఎండలు ముదిరాక ఒకరోజు, సగాన్ని మూడు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఎంత అని నోటితో అడిగితే, ఈసారి రెండు అంది. నాకు ఒళ్లు మండింది. ఏం రెండు అని గద్దిస్తే తల వంచుకునే చెప్పింది.

"రెండు బిందెలు మేడం. డ్రమ్ముకు పన్నెండు బిందెలు పడతాయి. సగం డ్రమ్ము మా మూడిండ్లకు పోస్తారు గదా, ఇంటికి రెండు."

ఆ ఊరికి ట్యాంకరు నీళ్లే దిక్కు. పొద్దున ఆలస్యంగా వచ్చినందుకు నేను రోజూ తిట్టే పిల్ల ఎక్కడి నుంచి వస్తున్నదో అప్పుడు అర్థమై సిగ్గేసింది. పన్నెండు బిందెల్లో రెండంటే ఆరో వంతే కదా! వెంటనే బోర్డు మీద డ్రమ్ము గీసి పన్నెండు భాగాలు చేశాను. ఆ తర్వాత నెలరోజులు మా క్లాసులో ఎవరూ దేన్నీ తలకిందులు చేయలేదు. పావు డ్రమ్మును, ముప్పావు డ్రమ్మును మూడిళ్లకు పంచి, ముందు బిందెల్లో చెప్పి తర్వాత వంతుల్లోకి మార్చేవాళ్లు. చివరికి సూత్రం వాళ్లే కనిపెట్టారు.

సీటు వచ్చింది. తండ్రి మాత్రం ఆ సీటు కాగితం మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

"అమ్మి పోతే పొద్దున నీళ్ల కాడ ఎవురు నిలబడాల మేడం?"

నేను వదల్లేదు. మూడు రోజులు బడి విడిచాక నేరుగా వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చున్నాను. నాలుగో రోజు ఆయన తల గోక్కుని, "సరే లేమ్మా, తోలుకపో. చిన్నది నిలబడతాది" అన్నాడు. గెలిచానన్న సంబరంలో ఆ చివరి మాట నా చెవిన పడనే లేదు.

ఆ పిల్ల చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉందట, బిందెలు పట్టుకుని నిలబడే ఆడపిల్లలే లేరట. విని సంతోషపడతాను, కాసేపటికి కోపమూ వస్తుంది, అవేవో అప్పుడే వచ్చి ఉంటే ఎవరి సొమ్ము పోయేదని. దాని చెల్లెలు అప్పుడు మూడో తరగతి. ఆ ఏడు బడి తెరిచాక వారానికి రెండు రోజులు వచ్చేది, దసరా తర్వాత రానేలేదు. అక్క కోసం అన్ని రోజులు ఆ గుమ్మంలో కూర్చున్నదాన్ని, చెల్లెలి కోసం ఒక్కరోజు కూడా పోలేదు.