పళ్ళెం పళ్ళేనికీ ఒక ప్రార్థన

ఆ రోజుల్లో మా ఇళ్ళలో భోజనమంటే తలొంచుకొని చేసే పని. అన్నం, పప్పు, పచ్చడి, చారు అన్నీ ఒక్కసారే ముందుకొచ్చేవి. ప్రార్థన చేసుకొని, గప్‌చుప్‌గా తిని, కంచంలోనే చెయ్యి కడుక్కొని లేచేవాళ్ళం. మధ్యలో నోరు విప్పితే మా అమ్మమ్మ "తింటున్నవా, ముచ్చట పెడుతున్నవా?" అని కసిరేది. అటువంటి మా మిర్యాలగూడ ఇంటికి యానాం అత్తమ్మ ఫ్రాన్సును వెంటబెట్టుకొని వచ్చింది. మా మేనమామ యానాం దవాఖానలో కంపౌండరుగా పనిచేస్తూ అక్కడి అమ్మాయినే చేసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళిపోయాక కొన్నాళ్ళకు సంసారంతో సహా మా పక్క వాటాలో దిగాడు. నిజానికి అత్తమ్మ ఫ్రాన్సును కంటితో చూసింది లేదు. వాళ్ళ నాన్న ఫ్రెంచి దొరగారి బంగళాలో వంట చేసేవాడు, ఈమె ఆ పెరట్లో పెరిగింది. అయితేనేం, పొద్దున్నే కాఫీని గిన్నెలో పోసుకొని బొగ్గుల మీద తాను కాల్చిన రొట్టెను ముంచుకు తినేది, పాలవాడికి "బోంజూర్" అని ఫ్రెంచి దండం చెప్పేది (అతను అది బాకీ అడగడమేమోనని కొన్నాళ్ళు దొడ్డిదారిన వచ్చాడు), మధ్యాహ్నం ఒక వంటకం తినడం అయితే గాని రెండోది వంటింటి గడప దాటనిచ్చేది కాదు. "దేశం మొత్తం మీద తెల్లోళ్ళను ఎల్లగొట్టిండ్రు, మా వంటింట్ల మాత్రం ఇంక కూసునే ఉన్నరు" అనేది అమ్మమ్మ.

నేనప్పుడు సూర్యాపేటలో బడిపంతులమ్మను. మూడో తరగతి పిల్లలు నా ప్రాణం. ఆదివారంబడిలో పాఠాలు చెప్పీ చెప్పీ, ఈ పని దేవుడు నా చేతిలో పెట్టిందేనని గట్టిగా నమ్మినదాన్ని. సాగర్ కాలువ తవ్వుతున్న ఆ కాలంలో కోదాడ నుంచి ఒక ఓవర్సీయరు సంబంధం వచ్చింది. చర్చిలో ఆరాధన అయ్యాక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తామని కబురు. అబ్బాయి మంచివాడేనని అందరూ చెప్పారు. నాకు కావలసింది ఒక్కటే: పెళ్ళయ్యాక బడికి పోనిస్తారా? "అమ్మా, నువ్వడుగు" అంటే, "పెండ్లయినంక అడుగుదువు తియ్యి" అంది అమ్మ. పెళ్ళయ్యాక ఇంకేం అడగను? ఆ రోజుల్లో పిల్ల తల వంచితే సరే అన్నట్టు, ఎత్తితే పొగరన్నట్టు. ఒక్క మాట అడిగే సందు చూపించమని శనివారమంతా దేవుణ్ణి వేడుకున్నాను. సందు కాదు, ఏకంగా సడకే వేస్తాడని నాకేం తెలుసు!

వంట అత్తమ్మ చేతిలో పెట్టడమే మా నాయిన చేసిన సాహసం. చర్చి బెంచీలు జోడించి తెల్ల దుప్పటి పరిచి, ఆడా మగా అందరినీ ఒక్క బల్లకే కూర్చోబెట్టింది. పైగా నన్ను అబ్బాయికి ఎదురుగా. మా అమ్మ ముఖంలో నెత్తురు లేదు. మొదట తలా ఒక లోతు పళ్ళెంలో కూరగాయల చారు వచ్చింది. అబ్బాయి తండ్రి కోదాడ సంఘంలో పెద్ద. నిదానస్తుడు, ప్రార్థనలో మరీ నిదానస్తుడు. సంఘాన్నంతటినీ దీవించి ఆమేన్ అని, పళ్ళెం రెండు చేతులతో ఎత్తి తాగి, అన్నం కోసం చాలాసేపు చూశాడు. ఏదీ రాలేదు. పాపం, ఈ ఇంట్లో ఇంతే కాబోలు అనుకొని, ముఖం చిన్నబుచ్చుకోకుండా పళ్ళెంలోనే చెయ్యి కడిగేశాడు.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ బీట్‌రూటు ముక్కలు, ఉడికించిన గుడ్లు పట్టుకొచ్చింది. "అయ్యయ్యో, అదేంటండీ అన్నయ్యగారూ! ఇంకా మొదలే అవలేదు!"

పెద్దాయన తడి చెయ్యి తుడుచుకున్నాడు. "చెయ్యి కడిగినంక తింటే అది వేరే భోజనమే గదమ్మా. వేరే భోజనానికి వేరే ప్రార్థన ఉండాలె" అని మళ్ళీ కళ్ళు మూశాడు. ఈసారి వానలు, రోగులు, ప్రయాణికులు. తిన్నాడు, మళ్ళీ చెయ్యి కడిగాడు. చేప వచ్చింది. అనాథలు, ఖైదీలు, కాలువ కూలీలు. లోపల పొయ్యి మీద కోడికూర ఉడుకుతూనే ఉంది. అమ్మమ్మ నా చెవిలో, "ఇంకొక్క ప్రార్థన చేస్తే కోడి లేసి కూస్తది సూడు" అంది.

పళ్ళేలు మారుస్తున్నప్పుడల్లా మౌనం. పంటల సంగతి అయిపోయింది, చర్చిలో పాస్టరయ్యగారి ప్రసంగం సంగతీ అయిపోయింది. అత్తమ్మ ఊరుకుంటుందా? "మా యానాంలో బల్ల దగ్గర మాట్లాడకపోతే వంట బాగాలేదని అర్థమండి. మాట్లాడండి, పిల్లలూ!"

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "మీ బడిల పిల్లలు మాట వింటరా?"

"వింటరు" అన్నాను. ఇంత దూరం వచ్చాక ఆగితే నన్ను నేనే క్షమించుకోలేను. "పెండ్లయినంక గుడ నన్ను బడికి పోనిస్తరా?"

అమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది. నాయినకు పొలమారింది. అబ్బాయి నోరు తెరిచాడు. అదే క్షణాన కోడికూర, రొట్టె వచ్చాయి. పెద్దాయన చెయ్యెత్తి, "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. అందరి తలలూ వంగాయి, నా బతుకు గాల్లో వేలాడింది. ఆయన ఆ పూట చేసిన ప్రార్థనలన్నిటిలోకీ అదే పొడవైనది. కోదాడ అయింది, నల్లగొండ అయింది, ప్రపంచం చుట్టివచ్చాడు. ఇక నా ఊసే లేదనుకున్నాను. "తండ్రీ, సూర్యాపేట బడిని దీవించు. మా ఇంటికి రాబోయే పంతులమ్మ దినాము బస్సెక్కి పోయి రావాలె గనుక, ఆ బస్సును, దాని టైర్లను, డ్రైవరు కండ్లను కాపాడు ప్రభువా..."

ప్రార్థన ఇంకా ఉంది. నేను మాత్రం "ఆమేన్!" అని అరిచేశాను. అమ్మమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పెద్దాయన ఒక కన్ను తెరిచి నన్ను చూసి, నవ్వు ఆపుకొని, మిగతా ప్రార్థన దేవునికే వదిలేసి, రొట్టె అందుకున్నాడు.

పదవీ విరమణ దాకా పాఠాలు చెప్పాను. ఈయన మాత్రం ఇప్పటికీ, "నేను సరే అనబోయిన, మా నాయిన ప్రార్థన అడ్డమొచ్చింది" అంటాడు. ఆ నోరు దేనికి తెరిచాడో కళ్ళు మూసుకున్న నాకెట్లా తెలుస్తుంది? మూడో తరగతి కోసం మామగారి ప్రార్థననే మధ్యలో తెంపేసిన ఆ పొగరుబోతు పిల్లను తలచుకుంటే నాకిప్పుడు ముద్దొస్తుంది. ఆమె ఆ రోజు అడిగి బడి దక్కించుకుంది గనుక, ఈయన అప్పుడు ఏమనబోయినా, నేనిప్పుడు తీరిగ్గా ఈయన మాట నమ్ముతూ కూర్చున్నాను.