మా నాన్న పళ్ళకు కట్టిన తీగ

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం మా నాన్నని గడ్డి పరిచిన బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కండువా నిండా నెత్తురు.

నాన్న సన్నాయి వాయించేవాడు. రాజాం చుట్టుపక్కల ఏ ఇంట పెళ్ళైనా ముందు ఆయనకే కబురొచ్చేది. ఆ రోజూ పెళ్ళి నుంచే వస్తున్నారు. గట్టు దిగేటప్పుడు బండి ఒరిగింది... మిగతావాళ్ళు దొరికింది పట్టుకుంటే ఆయన సన్నాయిని గుండెకు హత్తుకున్నాడట. ముఖం వెళ్ళి చక్రానికి కొట్టుకుంది. సన్నాయికి గీత కూడా పడలేదు. పై వరసలో ముందు పళ్ళు రెండూ కదిలిపోయాయి.

అవి అరవయ్యో దశకం చివరి రోజులు. నాకు పదేళ్ళు. అమ్మ నిండు నెలలతో ఉంది. అందుకే మర్నాడు నాన్న వెంట నేనూ, మేళంలో డోలు వాయించే మా మేనమామా విజయనగరం వెళ్ళాం.

అక్కడి పళ్ళ డాక్టరు ఆ రెండు పళ్ళనీ పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టాడు. మావ మందులకని బయటికి వెళ్ళాడు. నాన్న నొప్పితో కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు చెప్పాల్సిందంతా నాకే చెప్పాడు.

"చూడమ్మా, ఆరు వారాలు ఈ తీగ ఉంటుంది. రెండు నెలలు సన్నాయి ముట్టుకోకూడదు. తిన్నప్పుడల్లా ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి. మెత్తటి బ్రష్షుతో తీగ చుట్టూ, చిగురు అంచునా నెమ్మదిగా తోమాలి. నెత్తురొచ్చినా ఆపకూడదు. తీగ దగ్గర పాచి పేరుకుంటేనే చిగురు వాచి నెత్తురొస్తుంది... పాచి పోతే అదే తగ్గుతుంది. తగ్గకపోతే వెంటనే తీసుకురండి. గుర్తుంటుందా?"

తలూపాను.

మా ఇంట్లోకి వచ్చిన మొదటి బ్రష్షు అదే. అప్పటిదాకా మాకు పందుంపుల్ల, కాల్చిన పిడకల కచ్చిక పొడి...

మూడు రోజులు బాగానే జరిగింది. నాలుగో రోజు పొద్దున నాన్న ఉమ్మితే గచ్చు మీద ఎర్రగా పడింది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఒద్దే గుంటా... నెత్తురొస్తన్నాది. ఇలా రుద్దితే పళ్ళు సేతిలోకొచ్చేస్తాయి."

"నెత్తురొచ్చినా తోమాలన్నారు నాన్నా, డాక్టరుగారు..."

వంటింటి గుమ్మంలోంచి అమ్మ అడ్డం వచ్చింది. "పుండుని గీకితే మానుతాదేటే? సిన్నపిల్లవి, నీకేటి తెలుసు? ఆ బ్రష్షు లోపలెట్టేయ్."

పెట్టేశాను. నిజం చెప్పాలంటే, నాకు హాయిగా కూడా అనిపించింది... రోజూ ఆ నెత్తురు చూడక్కర్లేదని.

తర్వాత పుక్కిలించడమూ మానేశాడు. ఉప్పునీళ్ళు మండుతున్నాయట. రెండు వారాలకి చిగుళ్ళు ఉబ్బి తీగని కప్పేశాయి. ముట్టుకోకుండానే నెత్తురు కారేది. తలగడ మీద మరకలు... దగ్గరికి వెళ్తే వాసన. ఆయనకీ తెలిసింది కాబోలు, కండువా అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

"బావా, డాక్టరు కాడికి ఎల్దాం రా," అని మావ ఎన్నిసార్లు బతిమాలాడో.

"ఎల్తే తీగ ఇప్పేస్తాడ్రా. తీగతోపాటు పళ్ళూ ఊడిపోతాయి. పళ్ళు నేకపోతే నానేటి వాయిస్తాను?"

ఆ భయంతోనే వెళ్ళలేదు. ఆ భయంతోనే, రెండు నెలలు నిండకుండానే మాఘమాసంలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాడు... వాయించగలనో లేదో తనకి తనే చూపించుకోవాలనుకున్నాడేమో.

పందిట్లో మావ పక్కనే నేనూ కూర్చున్నాను. మొదట్లో బాగానే పలికింది. పురోహితుడు "గట్టిమేళం" అని కేక వేశాడు. నాన్న ఊపిరి బిగించి ఊదాడు. సన్నాయి ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. మళ్ళీ ఊదాడు... ఉత్త గాలి. నోట్లో పెట్టుకునే పీక మీంచి ఎర్రగా కారి పంచె మీద పడుతోంది. మావ ఏడుస్తూ డోలు మరింత గట్టిగా వాయించాడు, ఎవరికీ తెలియకూడదని.

విజయనగరంలో డాక్టరు ఆ రెండు పళ్ళూ, పక్కదీ కూడా తీసేశాడు. చీము ఎముక దాకా వెళ్ళిందన్నాడు.

"శుభ్రం చెయ్యొద్దని ఎవరు చెప్పారయ్యా?"

నేను తల దించుకున్నాను. నాన్న నోట్లో దూది తీసి, "నానే బాబూ," అన్నాడు. అమ్మ పేరు ఎత్తలేదు. నావైపు చూడలేదు.

కట్టుడు పళ్ళు పెట్టించారు. వాటి మీద పీక నిలవలేదు. ఆ తర్వాత మేళంలో వేరే సన్నాయి వచ్చింది, నాన్న వెనక కూర్చుని శ్రుతి పెట్టె పట్టుకునేవాడు. ఆ ఏడాదే పుట్టిన మా తమ్ముడు నాన్న సన్నాయి ఒక్కసారి కూడా వినలేదు. అమ్మ మాత్రం పోయేదాకా ఆ ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా మనవరాలికి పళ్ళు సరిచెయ్యడానికి తీగలు వేశారు. మొన్న నెత్తురొచ్చిందని తోమడం మానేసింది, ఎవరికీ చెప్పలేదు. నేను చూసి కోప్పడి, కూర్చోబెట్టి మా నాన్న కథ చెప్పాను. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తీగల సందుల్లోకి వెళ్ళే బుల్లి బ్రష్షు ఇచ్చి, అద్దం ముందు ఆయనే నేర్పించాడు. వారంలో తగ్గింది.

ఇప్పుడు వీధికో పళ్ళ డాక్టరు... పిల్లలు చెబితే పెద్దవాళ్ళు వింటున్నారు కూడా. ఆ రోజు నేను ఒక్కసారే చెప్పి ఊరుకున్నాను. ఇంకోసారి గట్టిగా చెప్పి ఉంటే... అని ఈ వయసులోనూ అనిపిస్తుంది.

మీరూ అలా చిన్నప్పుడు చెప్పలేక ఊరుకున్న మాట ఏదైనా ఉందా?... ఉంటే ఇక్కడ రాయండి.