తొంభై ఒకటి ఉందా, బక్షూ?

చెంచయ్యకు ఈ భూమ్మీద ఒకే ఒక్క భయం ఉండేది. తన బుల్లెట్టులో తప్పుడు పెట్రోలు పడుతుందేమోనని! పాములంటే భయం లేదు, పోలీసులంటే లేదు, చివరికి ఇంటావిడ సుబ్బరావమ్మ అన్నా లేదు. ఈ ఆఖరిది ఆయన చెప్పుకున్న మాట, దానికి మనం పూచీ పడలేం. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి, నోటి నిండా కట్టుడు పళ్లు, ముప్ఫయ్యేళ్ల నాటి బుల్లెట్టు బండి. ఇంత ఉన్న మనిషి పెట్రోలు దగ్గరికొచ్చేసరికి పిల్లాడిలా వణికిపోయేవాడు.

ఆ వణుకుని రోజూ భరించాల్సిన ఖర్మ అల్లాబక్షుది. చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు మీద, పత్తి చేల మధ్య ఉన్న బంకులో పెట్రోలు పోసేవాడతను. నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. ఎదురింటి చెంచయ్యను చిన్నప్పటి నుంచి బాబాయ్ అని పిలవడం అలవాటు. దూరం నుంచి బుల్లెట్టు డుగుడుగు వినపడగానే బాబాయ్ మీద ప్రేమ, గుండెలో దడ, రెండూ ఒకేసారి మొదలయ్యేవి.

చెంచయ్య పెట్రోలు పోయించుకునే తంతు చూడాల్సిందే. ముందు బండి స్టాండు వేస్తాడు. సంచీలోంచి తెల్లటి ఫిల్టరు కాగితం తీసి, దాని మీద ఒక్క చుక్క పెట్రోలు వేయిస్తాడు. "రెండు నిమిషాల్లో మచ్చ లేకుండా ఆరిపోవాల. మచ్చ ఉందా, కిరసనాయిలు కలిసినట్టే," అంటూ వాచీ చూసుకుంటాడు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ ఆ కాగితం మీద ఊపిరి వదలకూడదు. వెనక లైనులో స్ప్రేయరు డబ్బాలు పట్టుకున్న రైతులు, పాల క్యాన్లు కట్టుకున్న స్కూటర్లు, అందరూ ఊపిరి బిగబట్టాల్సిందే.

"ఏంది చెంచయ్యా, పెట్రోలుకి పెళ్లిచూపులా?" అని అరిచేవాడు పాల పేరయ్య. "నా పాలు విరిగిపోతున్నయ్!"

"నీ పాలల్లో ఏం కలిపావో అది కూడా చూడమంటావా?"

పేరయ్య తన క్యాన్ల మూతలు బిగించుకునేవాడు. కాగితం ఆరాక, ఇక నింపేటప్పుడు ఇంకో భయం. నిప్పురవ్వ లేస్తుందేమోనని చెంచయ్య పదడుగుల దూరం వెళ్లి, గాలి మిషను చాటున వీపు తిప్పి నిలబడేవాడు. "అయిందా?" "అవలేదు బాబాయ్." "అయిందా?" "అర లీటరుకే ఇంత గోలెందుకు బాబాయ్!"

అవును మరి, పోయించుకునేది అర లీటరే. టాంకు ఒక అంగుళం దిగితే చాలు, నింపుకోవడానికి పరిగెత్తుకొచ్చేవాడు. ఎప్పుడూ అంచుదాకా ఉండాల్సిందే. ఇంత తిరుగుడు ఎక్కడ తిరుగుతాడో ఎవరికీ అంతుపట్టదు. ఇంజను చప్పుడు వినడానికే రోడ్ల వెంట పోతుంటాడని ఊళ్లో అనుకునేవాళ్లు.

అల్లాబక్షుకి అర్థం కాని సంగతి ఇంకొకటుంది. లైనులో అంతసేపు తిట్టినవాళ్లే, వెళ్లేటప్పుడు ఆ బుల్లెట్టు టాంకు మీద చేత్తో ఓసారి తట్టి పోయేవాళ్లు. పేరయ్య కూడా తట్టేవాడు. వేడెక్కిందేమో చూస్తున్నారులే అనుకునేవాడు అల్లాబక్షు.

సుబ్బరావమ్మ కష్టాలు ఆమెవి. ఒకసారి వేరుశనగ నూనె ప్యాకెట్టు మీద అనుమానం వచ్చి చెంచయ్య దాని చుక్కని కూడా ఫిల్టరు కాగితం మీద వేసి, వాచీ పట్టుకుని కూర్చున్నాడట. నూనె మచ్చ ఎప్పటికి పోవాలి! మధ్యాహ్నం మూడింటికి ఆకలేసి తనే లేచాడట.

ఇంతలో రెండువేల మూడొచ్చింది. బంకులో కొత్త మిషను పెట్టారు. మామూలు పెట్రోలు ఎనభై ఏడు ఆక్టేను, కొత్త ఖరీదైన పెట్రోలు తొంభై ఒకటి. ఇక చూస్కోండి! అప్పటిదాకా ఒక భయంతో బతికిన మనిషికి రెండు మిషన్లు చూపిస్తే ఏమవుతుంది? వారం రోజులపాటు చెంచయ్య ఆ రెండింటి మధ్యా నిలబడ్డాడు.

"ఆక్టేను అంటే ఏందిరా బక్షూ?"

"నాకేం తెలుసు బాబాయ్. అంకె అది."

"అంకె కాదురా, ఓపిక! పిస్టను పైకొచ్చి నొక్కేదాకా ఓపికపట్టేది మంచి పెట్రోలు. ఓపిక లేనిది ముందే పేలుద్ది. విస్తరి వెయ్యకముందే వడ్డించినట్టు. అప్పుడు ఇంజన్లో టక టక టక మంటది. అట్టా కొట్టుకుని కొట్టుకుని పిస్టను పగులుద్ది."

"మామూలుది పోసుకునేవాళ్లందరూ బాగానే తిరుగుతున్నారుగా?"

"ఒక్కడే తిరిగితే ఏం కాదు. ముగ్గురెక్కి, కాలవ వంతెన ఎక్కుడు ఎక్కిచ్చి చూడు. ఓపిక లేని పెట్రోలు అక్కడ బయటపడుద్ది. నడి వంతెన మీద ఇంజను బిగుసుకుపోయిద్ది!"

ముగ్గుర్నెక్కించుకుని వంతెన ఎక్కాల్సిన అవసరం నీకేమొచ్చింది బాబాయ్ అని అడగాలనుకున్నాడు అల్లాబక్షు. అడిగితే ఇంకో గంట పడుతుందని ఊరుకున్నాడు. ఆనాటి నుంచి చెంచయ్య బండి దిగకముందే మొదటి మాట ఒకటే: "తొంభై ఒకటి ఉందా, బక్షూ?"

ఆ రోజు లేదు.

పత్తి తీతల రోజులవి. మధ్యాహ్నం రెండయింది, బంకులో ఈగ కూడా లేదు. ఓనరు శివరామకృష్ణగారు కారేసుకుని ఒంగోలు వెళ్లారు. తొంభై ఒకటి పొద్దున్నే అయిపోయింది, ట్యాంకరు రాలేదు. అల్లాబక్షు ఆకలితో నకనకలాడుతూ క్యారేజీ మూత తీశాడు. భార్య రహమతున్నీసా గోంగూర పెట్టి పంపింది. మొదటి ముద్ద కలిపాడో లేదో, డుగుడుగుడుగు!

"తొంభై ఒకటి ఉందా, బక్షూ?"

లేదంటే ఏమవుతుందో అతనికి కళ్లకు కట్టింది. ఎందుకు లేదు, ట్యాంకరు ఎక్కడుంది, డిపోకి ఫోను చెయ్యి, ఎనభై ఏడు పోసుకుంటే నా పిస్టను గతేంటి! గోంగూర కాస్తా ఎండిపోతుంది. అందుకని పుట్టి బుద్ధెరిగాక చెప్పని అబద్ధం చెప్పాడు.

"ఉంది బాబాయ్."

కాగితం మీద చుక్క వేశాడు, ఆరింది. కల్తీ ఉంటే ఆ కాగితం పట్టిస్తుంది గానీ ఆక్టేను ఎంతో దానికేం తెలుసు? చెంచయ్య గాలి మిషను చాటుకెళ్లి వీపు తిప్పాడు. అల్లాబక్షు ఎనభై ఏడు గొట్టం తీసి, ఆ రోజు ఎందుకో మూడొంతులు ఖాళీగా ఉన్న టాంకుని అంచుదాకా నింపాడు. పెట్రోలేగా, ఏమవుతుందిలే అనుకున్నాడు.

అప్పుడు వినపడింది కేక. బంకు వెనక పత్తి చేలోంచి, కూలికొచ్చిన మాణిక్యమ్మ కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరిగెత్తుకొస్తోంది.

"బక్షన్నా! మీ అమ్మని పాము కరిచిందయ్యో! రక్తపింజరంట!"

అల్లాబక్షు తల్లి సర్దార్‌బీ ఆ చేలోనే పత్తి తీయడానికి వెళ్లింది. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. బస్సు ఇప్పుడే పోయింది, ఇంకోటి నాలుగింటికి. ఊళ్లో ఆటోలన్నీ పత్తి బోరాలు వేసుకుని మార్కెట్టుకెళ్లాయి. ఓనరు కారు ఒంగోల్లో ఉంది. ఎదురుగా ఉన్నది ఒక్కటే, ఎనభై ఏడు నింపిన బుల్లెట్టు.

"నిలబడతావేందిరా! తీసుకురా ఆమెని! కాలు కదపనీకుండా ఎత్తుకురా!" అని అరిచాడు చెంచయ్య. పెట్రోలు చుక్కకి వణికే మనిషి గొంతేనా అది!

నడుమ సర్దార్‌బీని కూర్చోబెట్టి, వెనక అల్లాబక్షు కూర్చుని గట్టిగా పట్టుకున్నాడు. బండి నరసరావుపేట వైపు తిరిగింది. పదిహేను కిలోమీటర్లు. ఎక్కింది ముగ్గురు. దారిలో సాగర్ కాలవ వంతెన.

అప్పుడు పట్టుకుంది అల్లాబక్షుని భయం. అమ్మ కాలు వాచిపోతోంది, తల తన భుజం మీదికి వాలిపోతోంది. ఆ టాంకులో ఉన్నది ఓపిక లేని పెట్రోలు! చెబుదామా? చెబితే బాబాయ్ అక్కడే బండి ఆపేస్తాడు, భయానికి కాళ్లు ఆడవు ఆయనకి. చెప్పకపోతే వంతెన మీద పిస్టను పగులుతుంది. యా అల్లా, ఒక్క ముద్ద గోంగూర కోసం అమ్మని చంపుకుంటున్నానా!

"అమ్మా, కళ్లు మూయకే. మాట్లాడవే."

"ఏం మాట్లాడను? నా పత్తి సంచి చేలోనే ఉండిపోయింది. మాణిక్యమ్మ తన దాంట్లో కలుపుకుంటది."

"కలుపుకోదులే అమ్మా!"

"నీకు తెలవదు దాని సంగతి," అంది నీరసంగా.

వంతెన కనపడింది. బండి ఎక్కుడు ఎక్కడం మొదలెట్టింది. ఇంజను మూలిగింది. అల్లాబక్షు చెవులు రిక్కించాడు. నిజంగా వినపడింది, ముందు నుంచి, స్పష్టంగా: టక టక టక టక.

అయిపోయింది. "బాబాయ్! ఇంజను కొట్టుకుంటోంది!"

"ఇంవను కావులా!"

"ఏంది?"

చెంచయ్య ఒక చేత్తో నోరు నొక్కుకున్నాడు. టకటక ఆగిపోయింది. "ఇంజను కాదురా, నా కట్టుడు పళ్లు! భయమేసి కొట్టుకుంటున్నయ్. ఈ వంతెన కాడ ప్రతిసారీ ఇంతే!"

బుల్లెట్టు దాని మానాన అది వంతెన ఎక్కి, దిగింది. అల్లాబక్షు ఊపిరి తీసుకున్నాడు గానీ ఆ 'ప్రతిసారీ' అన్న మాట మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఆసుపత్రి గేటు వీళ్లు చేరకముందే తెరుచుకుంది. అక్కడ పనిచేసే మాబు సాహెబ్ స్ట్రెచరు పట్టుకుని మెట్ల మీద సిద్ధంగా నిలబడ్డాడు.

"బండి చప్పుడు విన్నాలే చెంచయ్యగారూ. పామా, పురుగు మందా?"

"పాము."

"ఈ నెల ఇది అయిదో కేసు కదూ? అప్పుడెప్పుడో చేలో మందు కొడుతూ పడిపోయిన మీ పాల పేరయ్య ఎట్టా ఉన్నాడు?"

"నీ నోరు పడిపోనూ, మెల్లగా మాట్లాడు!" అంటూ చెంచయ్య అల్లాబక్షు వైపు దొంగలా చూశాడు.

సర్దార్‌బీకి ఇంజక్షన్లు ఎక్కించారు. సమయానికి తెచ్చారు కాబట్టి గండం గడిచినట్టేనని, రెండ్రోజులు ఉంచుకుని పంపిస్తామని డాక్టరుగారు చెప్పాక అల్లాబక్షు వరండాలో బల్ల మీద కూలబడి ఏడ్చేశాడు. ఏడుస్తూనే చెంచయ్య చేతులు పట్టుకున్నాడు.

"బాబాయ్, నేను పాపం చేశాను. అది తొంభై ఒకటి కాదు. ఎనభై ఏడు పోశాను."

చెంచయ్య ముఖంలో రక్తం చుక్క లేదు. గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. పళ్లు మళ్లీ టకటకలాడాయి. "పదిహేను కిలోమీటర్లు... ముగ్గురం... వంతెన మీదగా... ఎనభై ఏడుతోనా! నీళ్లు! ముందు నీళ్లు తేరా!"

రెండు గ్లాసులు తాగాక గానీ మనిషి తేరుకోలేదు. అప్పుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? బండి పుస్తకంలో కూడా ఎనభై ఏడు చాలనే ఉంది. పాత బండి, ఇంజన్లో పిస్టను నొక్కుడు తక్కువ. తొంభై ఒకటి పోస్తే దండగ."

"మరి రోజూ నా ప్రాణం తీశావెందుకు?"

"ఆ పుస్తకం రాసినోడు వెనక మీ అమ్మని ఎక్కించుకుని వంతెన ఎక్కాడా ఏంది? ప్రాణం మీదికొచ్చినోళ్లు కూర్చుంటార్రా ఈ బండి మీద. నడి దారిలో ఆగిపోతే? ఆ భయానికి నాకు అన్నం సయించదు."

"అయిదుగుర్ని తెచ్చావంట. ఊళ్లో ఒక్కడికీ తెలవదేంది?"

"తెలిస్తే ఇంకేమన్నా ఉందా! పెళ్లికి ఇయ్యి, సినిమాకి ఇయ్యి అంటారు. టాంకు ఖాళీ అయిద్ది. అప్పుడు ఎవరికన్నా ఏదన్నా అయితే? అందుకే ఎక్కిన ప్రతివాడి చేతా ప్రమాణం చేయిస్తా. పద, నువ్వూ చెయ్యి."

అల్లాబక్షుని గేటు బయటికి లాక్కెళ్లి, టాంకు మీద చెయ్యి పెట్టించి, ఎవరితోనూ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. టాంకు ఇంకా వెచ్చగా ఉంది.

నాలుగోరోజు పొద్దున్న బంకులో లైను రోడ్డుదాకా ఉంది. తొంభై ఒకటి వచ్చింది. అల్లాబక్షు ఫిల్టరు కాగితం మీద చుక్క వేసి, వాచీ పట్టుకుని నిలబడ్డాడు. చెంచయ్య అడగలేదు, తనే మొదలుపెట్టాడు. రెండు నిమిషాలయింది. ఇంకో కాగితం తీశాడు.

"మళ్లీ ఎందుకురా?" అన్నాడు చెంచయ్య గాలి మిషను చాటు నుంచి.

"నువ్వుండు బాబాయ్. నాకు అనుమానంగా ఉంది."

"ఒకడు చాలడా ఊరికి? ఇంకోడు తయారయ్యాడు!" అని పాల పేరయ్య నెత్తి కొట్టుకున్నాడు.

అల్లాబక్షు అతని దగ్గరికెళ్లి చెవిలో అడిగాడు. "పేరయ్యా, నువ్వూ ఒట్టేశావా?"

"ఏ ఒట్టు? నాకేం తెలవదు. నా పాలు విరిగిపోతున్నయ్, పెట్రోలు పొయ్యి!"

ఆ కాగితం ఆరేలోగా పక్క మిషనులో పోయించుకుని, కిక్కు కొట్టి, వెళ్తూ వెళ్తూ పేరయ్య బుల్లెట్టు టాంకు మీద ఓసారి తట్టాడు. వెనకాల స్ప్రేయరు డబ్బా పట్టుకున్న రైతు తట్టాడు. ఆ వెనకాయనా తట్టాడు. అల్లాబక్షు వాళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, నవ్వుకుంటూ తన చెయ్యి కూడా వేశాడు.

"అయిందా?" అని అరిచాడు చెంచయ్య, ఇటు తిరగకుండానే.

"అవలేదు బాబాయ్! ఇంకొంచెం పడుద్ది."