కాలు జారింది

సూర్యకళ లస్కరు ఉద్యోగంలో చేరి ఆ రోజుకి పదకొండు రోజులు. అది మొగుడు బుల్లియ్య చేసిన ఉద్యోగమే. కాలవ గట్టు మీద తిరగడం, తూము షట్టర్లు ఎత్తడం, దించడం. కిందటేడు అతను తూము కింద రాళ్ల మీద పడి చచ్చిపోతే, కాయితంలో ‘కాలు జారి పడ్డాడు’ అని రాశారు. ఊరూ అదే మాట అంది. ఇరవై ఏళ్లు ఆ గట్టు మీద ఉత్త కాళ్లతో తిరిగినవాడికి ఆ రోజే కాలెందుకు జారిందని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. సూర్యకళా అడగలేదు. కడుపులో పెట్టుకుని ఊరుకుంది.

“నువ్వు గట్టు మీద గడ్డి చెక్కుకో, చాలమ్మా. షట్టర్ల సంగతి చిట్టియ్య చూసుకుంటాడు” అన్నారు ఆఫీసువాళ్లు. చిట్టియ్య పాత లస్కరు. ఆమెకి వరసకి బాబాయి.

అది రెండువేల మూడు, రెండో కారు దాళ్వా పంట. గోదాట్లో నీళ్లు చాలక కాలవకి వంతు పెట్టారు. ఆరు రోజులు షట్టరు దించితే ఎగువ చేలకి, ఆరు రోజులు ఎత్తితే మొగల్తూరు వైపు కాలవ చివరున్న శివారు చేలకి. ఆ పొద్దున శివారు వంతు మొదలు. అక్కడ చేలు పొట్ట మీద ఉన్నాయి. ఇవాళ తడి అందకపోతే వెన్నులో తాలు తప్ప గింజ ఉండదు.

చిట్టియ్య షట్టరు జానెడు ఎత్తాడో లేదో, ఎగువ ఊరి పెద్ద రైతు జోగేశ్వరరావు నలుగురిని వెంటేసుకుని దిగాడు. “చిట్టియ్య గారూ, దణ్ణం పెడతానండి. దింపెయ్యండి” అన్నాడు. మా వైపు మర్యాదకేం లోటు లేదు. “వంతు వాళ్లదండి” అన్నాడు చిట్టియ్య. ఆ మాట నోట్లో ఉండగానే ఒకడు పార తిరగేసి నెత్తి మీద కొట్టాడు. “ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ” అని మరీ రెండో దెబ్బ వేశాడు. చెవి తెగి వేలాడింది. నెత్తురు చొక్కా దాటి పంచెలోకి దిగింది.

మిగతా లస్కర్లిద్దరూ చేలకి అడ్డంపడి పారిపోయారు. గట్టు మీద గడ్డి చెక్కుతున్న సూర్యకళ తూము మీదికి పరిగెత్తింది. అవతలి గట్టు మీద జీపులో కూర్చున్న ఇంజినీరు గారు మాత్రం తల బయటికి పెట్టి కేకేశాడు. “అమ్మాయ్, నేను పోలీసుల్ని తీసుకొస్తా. అందాకా తూముకి నువ్వే ఇన్‌చార్జి.” ఆ మాట అని జీపు తిప్పుకుని పోయాడు, మహానుభావుడు.

చిట్టియ్య షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలు ఆమె చేతిలో పెట్టాడు. నెత్తురుకి జారిపోతుంటే చీర చెంగుతో తుడిచి మర మీద బిగించింది. తిప్పింది. ఒకడు జుట్టు పట్టి వెనక్కి గుంజాడు. గుప్పెడు వెంట్రుకలు వాడి చేతికొచ్చాయి కాని ఆమె చెయ్యి వదల్లేదు. ఇంకొకడు నడుం మీద తన్నాడు. పళ్లు ఇనుముకి తగిలి పెదవి చిట్లింది. ఉమ్మేసి మళ్లీ తిప్పింది. షట్టరు పూర్తిగా లేచి, నీళ్లు దబదబా శివారు వైపు పడ్డాక హ్యాండిలు ఊడబీకి గుండెలకి హత్తుకుంది. అది లేకపోతే షట్టరు దించడం ఎవడి తరం కాదు.

అప్పుడు జోగేశ్వరరావే తూము మీదికెక్కి చెయ్యి చాపాడు. “ఇలా ఇచ్చెయ్యమ్మా. బుల్లియ్యకీ ఆ రోజు ఇక్కడే ఇంతే మర్యాదగా చెప్పాం. వింటేనా?” అన్నాడు.

ఏడాదిగా సూర్యకళ అడగని ప్రశ్నకి జవాబు దానంతటదే వచ్చి ఎదురుగా నిలబడింది. హ్యాండిలు రెండు చేతులా ఎత్తి అతని మోకాలి మీద వేసింది. చిప్ప పగిలిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. రెండో దెబ్బ భుజానికి తగిలింది. జోగేశ్వరరావు పట్టు తప్పి బుల్లియ్య పడ్డ రాళ్ల మీదే పడ్డాడు. “ఇంకెవరొస్తారో రండి” అంది. ఎవరూ రాలేదు. నలుగురూ అతన్ని లాగడానికి రాళ్లలోకి దిగారు.

గంట తరవాత జీపులొచ్చాయి. జోగేశ్వరరావు గట్టు మీద పడుకుని మూలుగుతున్నాడు. కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. ఏం జరిగిందని ఎస్సై గారు అడిగారు.

“కాలు జారిందండి” అంది సూర్యకళ. “ఈ తూము మీద అది మామూలే. అంతేనా జోగేశ్వరరావు గారూ? లేకపోతే మా ఆయన పడ్డ రోజు కాణ్ణించి చెప్పమంటారా?”

జోగేశ్వరరావు ఆమె చేతిలో హ్యాండిలు వంక చూశాడు. తరవాత ఎస్సై వంక చూశాడు.

“జారిందండి” అన్నాడు.

ఎస్సై రాసుకున్నాడు. సూర్యకళ చిట్టియ్యని జీపెక్కించి, ఇంజినీరు వైపు తిరిగింది.

“ఎగువ వంతు ఎప్పుడండి?”

“ఆరు రోజులకమ్మా.”

“అయితే ఆరు రోజులకి దింపుతాను” అని, హ్యాండిలు భుజాన వేసుకుని తూము మీదే కూర్చుంది.