కొలవని పొగ

నేను చెబుతున్నాను, మా చెల్లెలి కూతురు రాస్తోంది. మెత్తగా మార్చి రాయవద్దని ముందే చెప్పాను.

మాది పూతలపట్టుకు ఇవతల చిన్న ఊరు. మా ఆయన పోయాక, మామిడితోపులో ఆయన పెట్టిన తేనెపెట్టెలే నన్ను బతికించాయి. తోపు పక్కన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు వచ్చింది. అప్పటినుంచి పూత మీద మసి. ఎంత మొత్తుకున్నా ఒక్కడూ తొంగి చూడలేదు.

ఈ ఏడు తిరుపతిలో తేనె అమ్మే కొట్టాయన, పరీక్ష చేయించి తెస్తేనే కొంటానన్నాడు. ల్యాబుకు పట్టుకుపోయాను. అక్కడి అమ్మాయి చెంచాడు తేనెలో యాసిడ్ పోసి మరగబెట్టి, నీళ్లలా అయ్యాక మిషనుకు పట్టించింది.

"అవ్వా, ఇందులో సీసం ఉండాది, బ్యాటరీల్లో ఉండేదే. ఉండాల్సిన దానికన్నా ఎక్కువే."

"నాకు తియ్యగానే ఉండాదే?"

"నాలికకి తెలీదవ్వా. మిషనుకే తెలుస్తాది. సిన్నబిడ్డలకైతే అస్సలు పెట్టొద్దు."

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ కాగితం తీసుకుని చిత్తూరులో కాలుష్యం చూసే ఆఫీసుకు పోయాను. అక్కడి సారు చదివి నా వైపే తోశాడు.

"ఇది తేనె రిపోర్టమ్మా. పొగ రిపోర్టు యాడుండాది?"

"పొగని కొలిచేది మీరు గదా సార్. దాన్ని నేను డబ్బాలో పట్టుకొని రావాల్నా?"

"ఎక్కువ మాట్లాడొద్దు. ఇట్టాంటి తేనె అమ్మితే కేసు నీ మిందే పడతాది."

చూడండి న్యాయం! పొగ వదిలినవాడు దొర, పువ్వు మీద వాలిన ఈగ దొంగ, ఆ ఈగను సాకిన ముండమోపి ముద్దాయి!

మర్నాడు, ల్యాబు మాట చెవిన పడి, ఆ కొట్టాయనే ఆటోలో మా ఇంటికొచ్చాడు.

"అక్కా, పారబొయ్యొద్దు. రేటు తగ్గించి నాకే ఇయ్యి. తినేదానికి కాదులే, అభిషేకాలకి అమ్ముకుంటా. రాతి మింద పోసేదానికి ఏమైతాది?"

"ఏమబ్బా, రాతి మింద నుంచి అది యాడికి పోతాది? పంచామృతమని బిడ్డల సేతుల్లో పొయ్యరా?"

"సుక్కే గదక్కా!"

"అయితే ఆ సుక్క ముందు నీ మనవడి నాలిక మింద పెట్టు. నేను సూస్తా."

ఆటో తిప్పుకుని పోయాడు.

తేనెను ఊరికే నేల మీద పారబోయకూడదు. వాసనకు ఈగలు వచ్చి తాగి, మళ్లీ పెట్టెల్లోకే మోస్తాయి. అందుకని తోపు చివర గొయ్యి తవ్వి, క్యాన్లన్నీ వంచి, మన్ను కప్పి తొక్కాను. ఏడాది కష్టం కాళ్ల కింద. తొక్కుతుంటే ఈగలు నా చుట్టే గుయ్యిమన్నాయి. "మీదే తల్లీ, అయినా తాగొద్దు" అన్నాను. అవతల షెడ్డు గొట్టం పొగ కక్కుతూనే ఉంది. దాన్ని చూసి నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. అవి మాత్రం ఈ పిల్ల రాయనంటోంది.

ఒక్క డబ్బా తేనె ఉంచుకున్నాను. దాన్ని తీసుకుపోయి, మూత తీసి సారు బల్ల మీద పెట్టాను.

"ఏందమ్మా ఇది?"

"నువ్వు పొగ కొలిచేదాకా ఈడనే ఉంటాది."

"తియ్యమ్మా, సీమలు పడతాయి!"

"పడనీ సార్. సీమలన్నా పని సేస్తాయి మీ ఆఫీసులో."

ఆయన డబ్బాను కాళ్ల దగ్గరికి దించాడు. నేను వంగి తీసి మళ్లీ బల్ల మీదే పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను.